రాతి కాపలాదారు, రాక్షస ప్రేమికుడు: వంశధార ఒడ్డున ఆ కథ ఎలా ఉంటుంది?

ఇంగ్లీషు యంగ్ అడల్ట్ నవలల్లో రక్తపిశాచాల హవా తగ్గాక డెమన్లు, గార్గాయిల్స్ (యూరప్ చర్చిల మీద కనిపించే వికృతమైన రాతి బొమ్మలు) ముందుకొచ్చాయి. పేర్లు మారుతుంటాయి కానీ కథ అల్లిక దాదాపు ఒకటే. పదహారో పదిహేడో ఏళ్ల అమ్మాయి. పుట్టుకే అటూ ఇటూ కానిది: ఒంట్లో సగం డెమన్ రక్తం, పెంపకం మాత్రం డెమన్లను వేటాడే గార్గాయిల్స్ ఇంట్లో. ఆ గార్గాయిల్స్ పగలు రాయిలా నిద్రపోతారు, రాత్రి రెక్కలు విప్పి ఊరు కాస్తారు. ఆ ఇంట్లో తనతో పాటు పెరిగిన కుర్రాడంటే ఆమెకు ప్రాణం. వాడు నెమ్మదస్తుడు, మాట తప్పడు, పెద్దల గీత దాటడు. ఇంతలో నోటికి అడ్డూ అదుపూ లేని డెమన్ కుర్రాడొకడు దిగబడతాడు. వాడి ముందు ఆమె తన పుట్టుకను దాచుకోనక్కర్లేదు. మొదటివాడి దగ్గర భద్రత, రెండోవాడి దగ్గర స్వేచ్ఛ. రెండు మూడు భాగాల పాటు ఈ ఊగిసలాటే నడుస్తుంది.

దీనికి తోడు ఒక షరతు. ముద్దు పెడితే ఎదుటివాడి ఆత్మ జారిపోతుందనో, తాకితే శాపం అంటుకుంటుందనో, తెల్లారేసరికి ఒకరు రాయి కావాల్సిందేననో ఏదో ఒకటి ఉంటుంది. అది తీసేస్తే మిగిలేది మామూలు కాలేజీ ప్రేమకథే. ఆ వయసులో తన ఒళ్లు తనకే కొత్తగా అనిపించే భయం, ఇష్టపడ్డవాడికి తనవల్ల ఏమవుతుందోనన్న టెన్షన్, ఇంట్లో చెప్పుకోలేని మాట, ఇవన్నీ ఆ షరతులో దాక్కుని ఉంటాయి. ఈ నవలల్లో మంచివి బాగుండేది యుద్ధాల దగ్గర కాదు, చేయి పట్టుకోవాలా వద్దా అని సాగే రెండు మూడు పేజీల దగ్గర. యుద్ధాలు పేజీలు తిప్పేసి చదివినా పెద్దగా పోయేదేమీ ఉండదు.

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో హాస్టల్ గదిలో ఫోన్ మీద ఇవి చదివే పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు రాయాలన్న కోరిక పుడుతుంది. అప్పుడు వచ్చే మొదటి ఆలోచన పేర్లు మార్చడం. గార్గాయిల్ స్థానంలో గుడి మీది యాళిని (సింహం పోలికల రాతి మృగాన్ని), డెమన్ స్థానంలో అసురుణ్ని పెట్టి, వాషింగ్టన్‌కు బదులు అరసవల్లి అని రాస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. బొమ్మల్ని ఇక్కడికి తేవడం తేలికే, ఆ ముక్కోణాన్ని తేవడమే కష్టం. మన పురాణాల్లోనూ ఈ ప్రాంతపు కథల్లోనూ కాపలావాడూ రాక్షసుడూ ఎదురెదురుగా నిలబడరు.

ముందు గార్గాయిల్ సంగతి. అది నీళ్ల తూము. పారిస్ నోత్ర్ దామ్ మీద 13వ శతాబ్దంలో పెట్టిన గార్గాయిల్స్ పని కప్పు మీద పడ్డ వాన నీటిని గోడకు దూరంగా చిమ్మడం. నీళ్లు గోడ వెంట కారితే రాళ్ల మధ్య సున్నం కొట్టుకుపోతుంది, అందుకే అంత పొడుగు మెడ. సినిమాల్లో, నవలల అట్టల మీద కనిపించేది మాత్రం వేరే బొమ్మ. గడ్డం కింద చేతులు పెట్టుకుని, నాలుక బయటపెట్టి ఊరిని చూస్తూ కూర్చున్న ఆ కొమ్ములవాడు మధ్యయుగం వాడు కాడు. 1831లో విక్టర్ హ్యూగో నవల వచ్చాక శిథిలమవుతున్న ఆ చర్చి మీద జనానికి ధ్యాస మళ్లింది. వాస్తుశిల్పి వియోలె ల్ ద్యూక్ చేతి మీదుగా 1840లలో మొదలైన మరమ్మతులు 1864 దాకా సాగాయి. ఆ కొమ్ములవాడు అప్పుడు కొత్తగా వచ్చి చేరినవాడే. వాడు నీళ్లు పోయడు, కూర్చుని చూస్తాడు అంతే. నవలలకు పనికొచ్చింది వాడే. పని చేసుకునే తూముకు ప్రేమకథ రాయడం కష్టం కదా.

పగలు రాయి, రాత్రి ప్రాణి అన్న సూత్రం కూడా పాతది కాదు. వెలుగు సోకితే రాయైపోవడం స్కాండినేవియా ట్రోల్ కథల్లోది. గార్గాయిల్‌కి అది అంటుకున్నది 20వ శతాబ్దపు టీవీలోనూ ఫాంటసీ కథల్లోనూ. అంటే అరువు తెచ్చుకోవడంలో ఈ నవలలు మొహమాటపడవు. ఇక్కడి రచయితా పడనక్కర్లేదు, అయితే చేతికి దగ్గరలో ఏముందో ఒకసారి చూసుకోవాలి.

ఉన్నది తక్కువేమీ కాదు. శ్రీముఖలింగం శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉంది. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడు గుళ్లు, మూడూ కళింగ శైలివి. ఆ శైలి గుళ్ల మీద ఏనుగు పైకి లంఘించే సింహాలు, నోట్లోంచి తీగలు వెళ్లగక్కే మకరాలు, గుడ్లు మిటకరించే ముఖాలు కొల్లలు. చీకటి పడ్డాక ఇవి కదులుతాయని ఒక పిల్లకు చెప్పి చూడండి, వెంటనే నమ్మేస్తుంది.

నీళ్ల తూమూ ఉంది. గర్భగుడి ఉత్తరపు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే రాతి కాలువను శిల్పులు ప్రణాళం అంటారు. చాలా గుళ్లలో దానికి మకరం నోరో సింహం నోరో ఆవు నోరో చెక్కుతారు. లోపల దేవుడికి పోసిన పాలూ నీళ్లూ ఆ నోటి గుండా బయటికొస్తాయి. యూరప్ తూము పనికిరాని నీటిని దూరంగా ఉమ్మేస్తుంది. ఇక్కడి తూము కింద జనం దోసిలి పడతారు, తల మీద చల్లుకుంటారు. ఇక శివాలయంలో ఆ నీళ్లు పారే దారిని, సోమసూత్రాన్ని, దాటకూడదు. ప్రదక్షిణ చేసే ముసలమ్మ అక్కడిదాకా వచ్చి, ఒక్క క్షణం నిలబడి, వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. వెనకాల ఫోన్ చూసుకుంటూ వస్తున్న మనవరాలు నేరుగా వెళ్లబోతే రెక్క పట్టి ఆపుతుంది. ఎందుకని ఆ పిల్ల అడుగుతుంది. "దాటకూడదు, అంతే" అన్నది తప్ప ఇంకో జవాబు రాదు.

కథకు కావలసిన షరతు ఇదిగో, ఇక్కడ సిద్ధంగా ఉంది. ముద్దు పెడితే ఆత్మ పోతుందన్న అరువు షరతు కన్నా ఇది ఎన్నో రెట్లు బలమైనది. ఊళ్లో అందరూ పాటించేది, ఎవరూ వివరించనిది, జానెడు వెడల్పు కాలువ. పదిహేడేళ్ల పిల్ల దాన్ని ఒక సాయంత్రం దాటేసిందనుకుందాం. తర్వాత ఏం జరగాలో రాసేవాళ్ల ఇష్టం.

మకర తోరణం పైన, నడి మధ్యలో, కింది దవడ లేని ఒక భయంకర ముఖం ఉంటుంది. కీర్తిముఖం. దాని కథ స్కాంద పురాణంలో ఉంది. జలంధరుడనే అసురుడు పార్వతిని తనకిమ్మని రాహువును శివుడి దగ్గరకు రాయబారం పంపుతాడు. శివుడి కోపంలోంచి ఆకలితో మండిపోతున్న ఒక జీవి పుట్టి రాహువు మీద పడుతుంది. రాహువు కాళ్లావేళ్లా పడితే శివుడు వదిలేయమంటాడు. మరి నా ఆకలి మాటేమిటి అంటుందా జీవి. నిన్ను నువ్వే తిను అంటాడు. అది కాళ్లతో మొదలుపెట్టి, చేతులూ పొట్టా తినేసి, ముఖం మిగిలేదాకా ఆగదు. ఆ విధేయతకు మెచ్చి శివుడు దాన్ని తన గుమ్మం మీద పెట్టుకుంటాడు. ఫ్రాన్సులో రువా ఊరి గార్గాయిల్ కథ దీనికి దూరపు చుట్టంలా ఉంటుంది. అక్కడ బిషప్ రోమానస్ లొంగదీసిన డ్రాగన్‌ను కాల్చితే, నిప్పులు కక్కి కక్కి అలవాటైన తలా మెడా కాలలేదట, వాటిని తీసుకెళ్లి గోడకు తగిలించారట. రెండు చోట్లా మిగిలింది తలే. కాకపోతే అక్కడ ఓడిన శత్రువు తల, ఇక్కడ ఇంటి మనిషిగా కలుపుకున్న ఆకలి ముఖం. ప్రేమకథకు రెండోది బాగా అక్కరకొస్తుంది. తనను తాను తినేయగలిగినంత ఆకలి, ఆ ఆకలిని ఆపుకోగలిగినంత మాట వినడం ఒకే మనిషిలో ఉంటే ఆ అమ్మాయి ఎవరి వైపు చూడాలి?

ముక్కోణం ఇక్కడే కూలుతుంది. శ్రీకూర్మం, రామతీర్థం వంటి విష్ణు క్షేత్రాలకు వెళ్లేవాళ్లందరికీ ఎరుకైన జయవిజయుల కథ ఇంకా ముందుకు పోతుంది. వైకుంఠం గుమ్మం దగ్గర సనకాదులను అడ్డగించి శాపం తిన్న కాపలావాళ్లు వీళ్లు. ఏడు జన్మలు భక్తులుగా పుడతారా, మూడు జన్మలు శత్రువులుగా పుడతారా అంటే, తొందరగా తిరిగి రావచ్చని మూడే కోరుకున్నారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు వాళ్లే. కాపలావాడే రాక్షసుడు. ఇల్లు చేరాలన్న తొందరలో రాక్షసుడయ్యాడు. ఇంగ్లీషు నవలలో నెమ్మదస్తుడొకడు, పొగరుబోతొకడు ఉండి అమ్మాయి ఎంచుకోవాలి. ఇక్కడ ఆ ఇద్దరూ ఒకడే, జన్మ తేడా అంతే. పొగరుబోతు లోపల, గుమ్మం వదిలి వచ్చేశానే అని బెంగపెట్టుకున్న కాపలావాడు ఉంటాడు.

డెమన్ రక్తం అపవిత్రం అన్న పట్టింపు కూడా ఇక్కడ అంతగా పట్టు దొరకదు. క్రైస్తవ ఊహలో డెమన్ పడిపోయిన దేవదూత, వాడికి వెనక్కి దారి లేదు. పురాణాల్లో దేవతలూ దైత్యులూ కశ్యపుడి పిల్లలే, తల్లులు వేరు. వాళ్ల గొడవ దాయాదుల గొడవ. పెళ్లిళ్లూ జరిగాయి. బాణాసురుడి కూతురు ఉష అనిరుద్ధుణ్ని కలలో చూసి ప్రేమించింది, చెలికత్తె చిత్రరేఖ అతన్ని మంచంతో సహా ఎత్తుకొచ్చింది. 16వ శతాబ్దంలో పింగళి సూరన వజ్రనాభుడనే రాక్షసుడి కూతురు ప్రభావతికి, ప్రద్యుమ్నుడికి మధ్య ఒక హంసను రాయబారిగా పెట్టి ప్రబంధమే రాశాడు. హిడింబి సంగతి చెప్పనక్కర్లేదు. ఒక తేడా మాత్రం గమనించాలి. వీటిలో అసురులది ఆడపిల్ల వైపు. అసురుడు మగవాడై మనిషి అమ్మాయిని కోరితే మన కథల్లో అది అపహరణే, చివర వాడి చావే. అమ్మాయే అసురుణ్ని ఇష్టపడటం, ఆ ఇష్టాన్ని కథ తప్పుపట్టకపోవడం ఈ కొత్త నవలలు తెచ్చిన అసలు కొత్తదనం. రెక్కలూ రాళ్లూ కాదు.

ఇంటి సంగతికొస్తే, ఇంగ్లీషు పాఠకులకు ఒక ఇబ్బంది ఉంటుంది: ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లలా పెరిగినవాణ్ని ప్రేమించడమేమిటని. ఉత్తరాంధ్ర పాఠకులకు ఆ ఇబ్బంది తట్టదు. మేనత్త కొడుకు అనుకుంటే చాలు, కాపలా కుర్రాడు బావ అయిపోతాడు, ఊరంతా ఎప్పుడో ముడిపెట్టేసి ఉంటుంది. అప్పుడు భద్రతే ఉచ్చు అవుతుంది. ఇక సగం రక్తం మాట. నవలలో గార్గాయిల్ పెద్దలు అమ్మాయిని డెమన్లను పసిగట్టడానికి వాడుకుంటారు, తమ కుర్రాడికి మాత్రం ఇచ్చి చెయ్యరు. ఆ పేజీలు చదివే తెలుగు పిల్లకు కులం గుర్తురాకుండా ఉండదు. పనికి పిలుస్తారు, పంక్తిలో కూర్చోనివ్వరు. ఈ పోలికను రచయిత చెప్పి చూపించనక్కర్లేదు, ఆ భోజనాల సీను సరిగ్గా రాస్తే చాలు.

ఇక్కడి సాహిత్యం ఇలాంటి కథల వైపు పెద్దగా చూడకపోవడానికి కారణం ఉంది. గురజాడ, చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు నడిచిన దారి వాస్తవికత దారి. 'కన్యాశుల్కం'లో భూతవైద్యం నవ్వులపాలైంది. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం అనే లైబ్రరీ తెలుగు కథలన్నిటికీ చోటిచ్చింది, కానీ ఈ ప్రాంతం నుంచి కథ అంటే భూమి, కూలి, అప్పు, వలస అన్న పేరు స్థిరపడిపోయింది. దెయ్యాలూ రాక్షసులూ వారపత్రికల చేతబడి సీరియళ్లకూ చందమామకూ, ఈమధ్య ప్రతిలిపి లాంటి యాప్‌లకూ పోయాయి. పదహారేళ్లవాళ్ల కోసం విడిగా ఒక అర అంటూ తెలుగు పుస్తకాల షాపులో ఇప్పటికీ కనిపించదు.

అయినా ఆ వాస్తవికవాదుల దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది, యాస. యాప్‌లలో వచ్చే కథల్లో రాక్షసుడు పాఠ్యపుస్తకంలా మాట్లాడతాడు: "ఓ మానవ కన్యా, నన్ను చూసి భయపడుతున్నావా?" వీడెవడికీ భయం కలిగించడు, నవ్వు తప్పితే. "ఏటే గుంటా, బయమేస్తందేటి?" అని గుడి వెనక చీకట్లోంచి వినిపిస్తే అప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. వెయ్యేళ్లు ఆ ఊళ్లో రాయిగా ఉన్నవాడు ఆ ఊరి మాట కాక ఇంకేం మాట్లాడతాడు?

ఇక ముఖలింగం స్థలపురాణం. దీన్ని ఎవరూ నవలగా రాయకపోవడమే ఆశ్చర్యం. హిమాలయాల్లో జరిగిన ఒక యాగానికి చిత్రగ్రీవుడి వెంట గంధర్వులు వస్తారు. అక్కడికి వచ్చిన శబర స్త్రీలను చూసి మోహపడతారు. వామదేవ మహర్షి కోపించి, ఆ శబరుల్లోనే పుట్టండని శపిస్తాడు. చిత్రగ్రీవుడు శబర నాయకుడై పుడతాడు. అతనికి ఇద్దరు భార్యలు, వాళ్ల మధ్య పొసగదు. వాకిట్లో ఇప్పచెట్టు ఉంటుంది. దాని కొమ్మల కింద పూలు ఏరుకుని బతకమని ఒక భార్యకు చెబుతాడు. శివభక్తురాలైన ఆమె ఏరిన పూలు బంగారమవుతాయి. సవతుల పోరు ముదిరి నాయకుడు గొడ్డలెత్తి చెట్టు నరకబోతే అందులోంచి శివుడు ప్రత్యక్షమవుతాడు. ఇప్పచెట్టుకు మధూకం అని పేరు కాబట్టి ఆయన మధుకేశ్వరుడు.

ఇంగ్లీషు నవలల్లో చివరికి అమ్మాయి పైకి వెళుతుంది: అమరత్వం వస్తుంది, రెక్కలొస్తాయి, వాళ్ల లోకంలో చేరుతుంది. ఈ స్థలపురాణంలో కిందికి రావలసింది పైవాళ్లు. ప్రేమించినవాళ్ల కులంలో పుట్టి, వాళ్ల కొండలో వాళ్ల ఆకలితో బతకాలి. దాన్ని పురాణం శాపం అంది. ఈ కాలపు రచయిత అదే శాపాన్ని డెమన్ కుర్రాడి సొంత నిర్ణయంగా మార్చి రాస్తే, ఒక్క మార్పుతో కథ మొత్తం తిరగబడుతుంది.

ఇంతకన్నా విడ్డూరమైనది ఆ కొండల మీదే ఉంది. శబరులనే ఇవాళ సవరలంటారు. మెళియాపుట్టి వైపూ, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట ఏజెన్సీలోనూ, సరిహద్దు అవతల ఒడిశా గజపతి, రాయగడ కొండల్లోనూ ఉంటారు. ముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఒడిశా సవరల మతం మీద 1955లో పెద్ద గ్రంథం వేశాడు. మరో మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్స్కీ 1970ల నుంచి అక్కడే పరిశోధన చేశాడు. వాళ్లు రాసిన దాని ప్రకారం, చనిపోయినవాళ్లతో మాట్లాడే పూజారిణికి కింది లోకంలో ఒక భర్త ఉంటాడు. అతను ఆమె చిన్నతనంలోనే కలలో వచ్చి పెళ్లాడమంటాడు. పిల్ల ఒప్పుకోదు. జబ్బు పడుతుంది, తిండి మానేస్తుంది, పిచ్చిగా తిరుగుతుంది. చివరికి ఒప్పుకుంటే పెళ్లి జరుగుతుంది. కింద పిల్లలూ పుడతారు. ఆ తర్వాత ఊళ్లో మామూలు మనిషిని కూడా పెళ్లి చేసుకుంటుంది, ఇక్కడా సంసారం చేస్తుంది. గోడ మీద ముగ్గుతో వేసే బొమ్మలో ఆత్మలకు ఇల్లు కడతారు, అందులో గుర్రాలూ ఏనుగులూ మనుషులూ ఉంటారు.

ఇద్దరిలో ఎవరు అన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు. ఎంచుకోవడం లేదు, రెండిళ్లూ నడపడమే ఉంది. వేలమంది పాఠకులు నేను ఈ హీరో పార్టీ, నువ్వు ఆ హీరో పార్టీ అని జట్లు కట్టి వాదించుకునే కథకు ఈ ఒక్క వివరం పునాదిలోనే గండి కొడుతుంది. పైగా ఈ పెళ్లిలో తీపి తక్కువ. మొదట ఉన్నది బలవంతం, జబ్బు. ఆ భాగాన్ని తీసేసి, కలలో వచ్చిన అందగాడిగా మాత్రమే చూపిస్తే అబద్ధమవుతుంది. యాప్ సీరియళ్లు చేసే మొదటి పని అదే అవుతుందని అనుమానం కూడా.

ఇంకో చిక్కుంది. కీర్తిముఖం ఎవరిదీ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. సవరల పెళ్లి సంగతి అలా కాదు. చాలా ఊళ్లలో జనం చర్చికి మారారు, కొన్ని చోట్ల పాత పూజలు వదిలేశారు, అయినా అమ్మమ్మలు ఆ పని చేసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. విజయనగరంలో కూర్చుని ఎల్విన్‌ను చదివి రాసే కథకూ, సీతంపేట ఆశ్రమ పాఠశాలలో చదివి, సెలవులకు ఇంటికెళ్లి ఆ గోడబొమ్మ ముందు కూర్చున్న పిల్ల రాసే కథకూ షరతే వేరుగా ఉంటుంది. మొదటిది బహుశా ముందు వస్తుంది. రెండోది వచ్చాక మొదటిదాన్ని ఎవరూ చదవరు.